దేవుని నడిపింపు తప్పిపోయానేమో అని భయపడుతున్నవారికి

మీ ప్రశ్నను ఒకటికి రెండుసార్లు చదివాను. చాలాకాలం ప్రార్థించి, ఉపవాసముండి, మనస్సులో సమాధానం కలిగిందన్న నమ్మకంతో మీరొక నిర్ణయం తీసుకున్నారు. అది నష్టంతోనూ అవమానంతోనూ ముగిసింది. ఇప్పుడు అంతే పెద్దదైన మరో నిర్ణయం మీ ముందుంది. ‘యెహోవా నా కాపరి, నాకు లేమి కలుగదు’ అని ఎన్నో ఏళ్లుగా కంఠతా చెప్పుకుంటూ వచ్చిన కీర్తన ఇప్పుడు నోటికి రావడం లేదని, నేను కాపరి స్వరాన్ని తప్పుగా విన్నానా లేక ఆయనే నన్ను విడిచిపెట్టాడా అని అడిగారు. సంఘంలో వాక్యం బోధిస్తూ, ఇదే ప్రశ్నను అనేక కుటుంబాల నుంచి అనేక రూపాల్లో విన్నవాడిగా, లేఖనాలు ఈ విషయంలో ఏమి చెబుతున్నాయో నాకు అర్థమైనంతవరకు వివరంగా రాస్తాను.

మొదట ఒక సంగతి చెప్పాలి. మీ ప్రశ్నలో, మీకు తెలియకుండానే, ఒక ఊహ చోటుచేసుకుంది. దారి కనిపెట్టే బాధ్యత, మందతో కలిసి ఉండే బాధ్యత, తప్పిపోకుండా చూసుకొనే బాధ్యత ప్రధానంగా గొర్రెదేనన్న ఊహ అది. ఒక్కసారి స్వరం సరిగా వినకపోతే అంతా అయిపోయినట్టేనని మీరు భయపడుతున్నది అందుకే. అయితే బైబిల్లో కాపరి గురించి మాట్లాడే భాగాలను ఆదికాండం నుంచి ప్రకటన గ్రంథం వరకు వరుసగా చదివి చూడండి. లెక్క అప్పగించవలసినవాడు దాదాపు ప్రతిచోటా కాపరే. గొర్రె పోతే జవాబు చెప్పవలసింది అతడు. ఈ ఒక్క సంగతి స్థిరపడితే మిగిలిన ప్రశ్నలన్నీ వేరే వెలుగులో కనిపిస్తాయని నా నమ్మకం.

యాకోబు మాటలతో మొదలుపెడదాం. లాబాను దగ్గర ఇరవై ఏళ్లు మందలు మేపిన తరువాత, వెళ్లిపోతున్న తనను వెంటాడి పట్టుకొన్న మామతో అతడు తన పని ఎలాంటిదో చెబుతాడు (ఆదికాండం 31). పగలు ఎండకు, రాత్రి మంచుకు క్షీణించిపోయానని, నిద్ర తన కన్నులకు దూరమైందని అంటాడు. ఆ తరువాతి మాట ఇంకా ముఖ్యమైనది. మృగాలు చీల్చినదానిని నీ దగ్గరకు తేలేదు, ఆ నష్టం నేనే పెట్టుకొన్నాను అంటాడు. ఈ మాట ఎంత బరువైనదో తెలియాలంటే నిర్గమకాండం 22వ అధ్యాయంలోని నియమాన్ని పక్కన పెట్టి చూడాలి. ఒకడు తన పశువును కాపాడమని మరొకనికి అప్పగించినప్పుడు, అది దొంగిలించబడితే కాపాడవలసినవాడు నష్టం చెల్లించాలి. మృగం చీల్చితే మాత్రం, చీల్చబడినదానిని సాక్ష్యంగా తెచ్చి చూపితే చాలు, చెల్లించనక్కరలేదు. తెకోవకు చెందిన కాపరి ఆమోసు ప్రవక్త, సింహం నోటి నుంచి రెండు కాళ్లైనా చెవి ముక్కైనా విడిపించే కాపరి గురించి చెప్పడం (ఆమోసు 3:12) ఈ నేపథ్యంలోనే బాగా అర్థమవుతుంది. ఆ ముక్క చేతిలో ఉంటే కాపరి నిర్దోషి. యాకోబు ఆ మినహాయింపును కూడా వాడుకోలేదు. మృగం తిన్నదానికీ తానే చెల్లించాడు.

దావీదు మరొక అడుగు ముందుకు వేశాడు. సింహమైనా ఎలుగుబంటి అయినా వచ్చి మందలోనుంచి ఒక గొర్రెపిల్లను ఎత్తుకొనిపోతే, తాను వెంబడించి, దానిని కొట్టి, దాని నోటి నుంచి పిల్లను విడిపించానని సౌలు ఎదుట చెబుతాడు (1 సమూయేలు 17). ఒక్క పిల్ల కోసం సింహం వెంట పరుగెత్తమని ఏ నియమమూ అతనిని అడగలేదు. ఇప్పుడు యోహాను సువార్త 10వ అధ్యాయానికి రండి. జీతగాడు తోడేలు రావడం చూసి గొర్రెలను విడిచి పారిపోతాడు. మంచి కాపరి గొర్రెల కోసం తన ప్రాణం పెడతాడు. పాత నియమం ప్రకారం చూస్తే, తోడేలు చీల్చిన గొర్రెకు జీతగాడి మీద అంతగా నేరం రాదు. యేసు ప్రభువు తనను ఆ నియమం అడిగినంత మేరకు చేసే కాపరిగా చెప్పుకోలేదు. ఏ నియమమూ ఏ కాపరినీ అడగనిదానిని ఆయన తన ఇష్టపూర్వకంగా తన మీద వేసుకొన్నాడు. ‘ఎవడును నా ప్రాణము తీసికొనడు, నా అంతట నేనే దాని పెట్టుచున్నాను’ అన్న మాట ఆ అధ్యాయంలోనే ఉంది. అలాంటి కాపరి, మీరు ఒక నిర్ణయంలో పొరబడ్డారని మిమ్మల్ని లెక్కలో నుంచి కొట్టివేస్తాడని నమ్మడానికి లేఖనంలో నాకు ఆధారం కనిపించదు.

ఈ వెలుగులో ఇరవై మూడవ కీర్తనను మళ్లీ చదవండి. ఆరే వచనాలు. ‘తన నామమునుబట్టి నీతిమార్గములలో నన్ను నడిపించుచున్నాడు’ అని మూడవ వచనం చెబుతుంది. నడిపింపుకు ఆధారం నా వినికిడి శక్తి అని గాని, నా ప్రార్థన ఎంత గాఢమైనదో అని గాని అక్కడ లేదు. ఆయన నామం అని ఉంది. గొర్రె క్షేమం మీద కాపరి పేరు ఆధారపడి ఉంది. ఇక నడిపించే మార్గాలు ఎలాంటివో కూడా ఆ వచనమే చెబుతోంది: అవి నీతిమార్గాలు. అవి లాభాల మార్గాలని గాని, సులువైన మార్గాలని గాని దావీదు రాయలేదు. మొదటి వచనంలోని ‘లేమి కలుగదు’ అన్న మాటను, ఏ నష్టమూ రాదన్న వాగ్దానంగా మనలో చాలామందిమి వింటూ పెరిగాం. కాని అదే కీర్తనలో మూడు వచనాల తరువాత గాఢాంధకారపు లోయ ఉంది, ఐదవ వచనంలో శత్రువులు ఉన్నారు. శత్రువులను తొలగించిన తరువాత భోజనం పెడతానని కాపరి అనలేదు. వాళ్ల ఎదుటే పెట్టాడు.

ఆ కీర్తనలో నాకు ఎప్పటికీ తరగని ఆదరణ ఇచ్చేది నాలుగవ వచనంలో జరిగే మార్పు. పచ్చిక ఉన్న చోట, శాంతికరమైన నీళ్ల దగ్గర దావీదు దేవుని గురించి మాట్లాడుతున్నాడు: ఆయన పరుండజేస్తున్నాడు, ఆయన నడిపిస్తున్నాడు, ఆయన సేదదీరుస్తున్నాడు. లోయలోకి రాగానే ‘ఆయన’ పోయి ‘నీవు’ వస్తుంది: ‘నీవు నాకు తోడై యుందువు.’ ఎండ ఉన్నంతసేపు ఇతరులకు చెప్పిన సాక్ష్యం, చీకటి పడగానే ముఖాముఖి ప్రార్థనగా మారింది. మీరు ఇప్పుడు ఉన్న చోటు ఆ నాలుగవ వచనమే అయితే, ఆ కీర్తన మీ నోటికి రావడం లేదని బాధపడకండి. మొదటి మూడు వచనాలు మళ్లీ పలికే రోజు వచ్చేవరకు నాలుగవదానిని ఒక్కదాన్నే పట్టుకొన్నా చాలు. దాని ముందున్న ఇరవై రెండవ కీర్తన ‘నా దేవా, నా దేవా, నీవు నన్నేల విడనాడితివి’ అని మొదలవుతుందని, యేసు ప్రభువు సిలువ మీద పలికినది ఆ మాటేనని కూడా మరచిపోవద్దు. కాపరి నన్ను విడిచాడా అన్న మీ ప్రశ్న అవిశ్వాసి ప్రశ్న కాదు. అది కీర్తనల గ్రంథంలో చోటు దొరికిన ప్రశ్న.

నడిపింపు గురించి అడిగేవారికి నేను ఎక్కువగా చూపేది ఆసాపు రాసిన డెబ్బై ఏడవ కీర్తన. ఇరవై మూడవదానికి వచ్చినంత పేరు దీనికి రాలేదు గాని, మీ పరిస్థితిలో ఉన్నవారికి ఇది చాలా దగ్గరగా ఉంటుందని నా అభిప్రాయం. ఆసాపుకు నిద్ర పట్టదు. కలవరంతో మాట కూడా రాదు. ప్రభువు ఇక ఎన్నడూ కటాక్షింపడా, ఆయన కృప నిలిచిపోయిందా, ఆయన వాగ్దానం తప్పిపోయిందా అని వరుసగా అడుగుతాడు. ఆ ప్రశ్నలకు సూటిగా జవాబు రాదు. దానికి బదులు అతడు ఎర్ర సముద్రాన్ని జ్ఞాపకం చేసుకొంటాడు. చివరి రెండు వచనాలు ఇవి: ‘నీ మార్గము సముద్రములో నుండెను, నీ త్రోవలు మహాజలములలో ఉండెను, నీ యడుగుజాడలు గుర్తింపబడక యుండెను. మోషే అహరోనులచేత నీ ప్రజలను మందవలె నడిపించితివి.’ కీర్తన అక్కడితో ఆగిపోతుంది.

ఈ రెండు మాటలు పక్కపక్కన ఉండడాన్ని గమనించండి. అడుగుజాడలు కనిపించలేదు; అయినా మంద నడిపించబడింది. రెండవది మొదటిదాన్ని రద్దు చేయలేదు, మొదటిది రెండవదాన్ని అబద్ధం చేయలేదు. నిర్గమకాండం 13, 14 అధ్యాయాలు తెరిస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది. ఫిలిష్తీయుల దేశపు మార్గం దగ్గరిదైనా దేవుడు ప్రజలను ఆ మార్గంలో నడిపించలేదని, చుట్టుదారిలో నడిపించాడని అక్కడ ఉంది. తరువాత సముద్రం దగ్గర దిగమని ఆజ్ఞాపించింది కూడా ఆయనే. ముందు సముద్రం, వెనుక ఫరో రథాలు. ఆ చోట నిలబడి ఎవరైనా లెక్క వేస్తే, దారి చూపుతూ ముందు నడిచిన మేఘస్తంభాన్ని మనం తప్పుగా చూశామన్న నిర్ణయానికే వస్తారు. ప్రజలు దాదాపు అదే అన్నారు. కాని వాళ్లు అక్కడికి దారి తప్పి రాలేదు. నడిపించబడి వచ్చారు. ఒక దారి ఎలా ముగిసిందన్నదాన్ని బట్టి మాత్రమే, ఆ దారిలో దేవుడు నడిపించాడా లేదా అని తేల్చడం సరికాదని నేను చెప్పేది ఇందువల్లే. మీ నిర్ణయం నష్టంలో ముగిసింది గనుక మీరు తప్పు విన్నారని మీకు గట్టిగా చెప్పినవారు ఉన్నారని రాశారు. యోబు స్నేహితులు కూడా అదే లెక్క వేశారు. గ్రంథం చివరలో దేవుడు వాళ్ల మాటను ఒప్పుకోలేదు.

అలాగని, నష్టం వచ్చిన ప్రతి నిర్ణయమూ దేవుని నడిపింపే అని కూడా నేను అనను. తొందర, భయం, ఎవరినో మెప్పించాలన్న కోరిక, మన ఇష్టాన్ని దేవుని చిత్తమని పిలుచుకోవడం: ఇవన్నీ విశ్వాసుల నిర్ణయాల్లో కలుస్తూనే ఉంటాయి. ఈ రెండిటిలో మీది ఏదో తేల్చమని మీరు నన్ను అడగలేదు, నేను తేల్చలేను కూడా. అయితే ‘మనస్సులో సమాధానం కలిగింది గనుక దేవుని చిత్తమే అనుకొన్నాను’ అన్న మీ మాట దగ్గర కొంచెం ఆగాలి. లోపలి సమాధానం మంచి వరమే, కాని అదొక్కటే రుజువు కాదు. యోనా దేవుని సన్నిధి నుంచి పారిపోతూ, తుఫానులో కూడా ఓడ దిగువభాగంలో గాఢనిద్ర పోయాడు. గెత్సేమనేలో యేసు ప్రభువు తండ్రి చిత్తం మధ్యలో నిలబడి, మరణమగునంతగా దుఃఖంలో మునిగిపోయాడు. మనస్సు నెమ్మదిగా ఉండడాన్ని నడిపింపుకు గుర్తుగా, కలవరాన్ని తప్పిపోవడానికి గుర్తుగా తీసుకొంటే ఈ రెండు సందర్భాల్లోనూ పొరబడతాం.

మరి స్వరాన్ని గుర్తుపట్టడం ఎలా? ‘గొర్రెలు అతని స్వరమెరుగును గనుక అతని వెంబడించును’ అని యోహాను 10వ అధ్యాయం చెబుతుంది. ఈ వచనాన్ని విడిగా తీసుకొని, రహస్యంగా చెవిలో వినిపించే ఆదేశాలను పసిగట్టే నేర్పు గురించి అన్నట్టు బోధించేవారు ఉన్నారు. కాని ఆ అధ్యాయం తొమ్మిదవ అధ్యాయానికి కొనసాగింపు. పుట్టు గుడ్డివాడొకడు చూపు పొందాడు. యేసు పక్షాన సాక్ష్యమిచ్చినందుకు పరిసయ్యులు అతనిని వెలివేశారు. వెలివేసిన సంగతి విని యేసు అతనిని కనుగొన్నాడు. ఆ వెంటనే కాపరి గురించిన మాటలు మొదలవుతాయి. స్వరం ఎరిగిన గొర్రె ఎలా ఉంటుందో ఆ మాటలు విన్నవారి కళ్ల ముందే ఉందన్నమాట.

ఆ మనిషి కథను నిదానంగా చదవండి. సిలోయము కోనేటికి వెళ్లి కడుగుకొమ్మని యేసు చెప్పినప్పుడు అతనికి చూపు లేదు. అతనికి తెలిసింది ఆ స్వరం ఒక్కటే. చెప్పినట్టు వెళ్లాడు. చూపు వచ్చేసరికి తనను బాగుచేసినవాడు అక్కడ లేడు. ఆయన ఎక్కడ ఉన్నాడని అడిగితే తెలియదన్నాడు. ఆయన ఎవరని అడిగితే మొదట ‘యేసు అను ఒక మనుష్యుడు’ అన్నాడు, తరువాత ప్రవక్త అన్నాడు, ఇంకా తరువాత దేవుని యొద్దనుండి వచ్చినవాడన్నాడు. అతనికి దారి మొత్తం ముందే తెలియలేదు. విన్న ఒక్క మాటకు లోబడ్డాడు. తెలిసినంతవరకు నిజం చెప్పాడు. ఒత్తిడి వచ్చినప్పుడు దానిని మార్చలేదు. చివరకు అందరూ బయటకు తోసివేశాక, వెదకుతూ వచ్చినవాడు కాపరి. గొర్రె వెళ్లి కాపరిని కనుగొనలేదు. ‘నీతో మాటలాడుచున్నవాడు ఆయనే’ అని యేసు చెప్పినప్పుడు, చూపు లేనప్పుడు విన్న స్వరానికి ముఖం తోడైంది. స్వరాన్ని ఎరగడమంటే యోహాను చూపుతున్నది ఇదే. ఆయనతో గడిపిన కాలంలో, తెలిసిన మాటకు లోబడుతూ వచ్చిన అలవాటులో అది పెరుగుతుంది. అందుకే సువార్తలను మళ్లీ మళ్లీ చదవమని, ఆయన ఎలా మాట్లాడతాడో, ఎవరితో కఠినంగా, ఎవరితో మృదువుగా మాట్లాడతాడో మనస్సుకు పట్టేదాకా చదవమని నేను అందరికీ చెబుతాను. మార్కు 6:34లో, కాపరిలేని గొర్రెల వలె ఉన్న జనసమూహాన్ని చూసి ఆయన కనికరపడ్డాడు. వెంటనే చేసిన పని బోధించడం. రొట్టె ఆ తరువాత వచ్చింది. మీలో వినిపించే మాట, నిన్ను నమ్మి లాభం లేదు, నీకు ఇక అవకాశం లేదు అని అదేపనిగా అంటుంటే, ఆ స్వరం సువార్తల్లో విరిగినవారితో మాట్లాడిన స్వరంలా ఉందో లేదో మీరే పోల్చి చూడండి.

మీ నిర్ణయం వెనుక ఒక దైవజనుని మాట కూడా ఉందని, ‘దేవుడు నాతో చెప్పాడు, నువ్వు ముందుకు వెళ్లు’ అని ఆయన ప్రవచనంగా చెప్పారని, నష్టం వచ్చాక మీ ఫోన్ ఎత్తడం మానేశారని రాశారు. ఇక్కడ యెహెజ్కేలు 34వ అధ్యాయం తప్పక చదవాలి. యెరూషలేము పడిపోయిందన్న వార్త బబులోను చెరలో ఉన్న యూదులకు చేరిన సంగతి 33వ అధ్యాయంలో ఉంది. దాని వెంటనే ఈ అధ్యాయం వస్తుంది. ప్రజలు చెదరిపోయినందుకు దేవుడు అక్కడ మొదట నిలదీసింది కాపరులను. క్రొవ్విన వాటిని తిన్నారు, బొచ్చు కప్పుకొన్నారు, మందను మేపలేదు. బలహీనమైనవాటిని బలపరచలేదు, రోగం కలిగినవాటిని స్వస్థపరచలేదు, గాయపడినవాటికి కట్టు కట్టలేదు, తోలివేయబడినవాటిని మళ్లించలేదు, తప్పిపోయినవాటిని వెదకలేదు. కఠినంగా, బలాత్కారంగా ఏలారు. మనిషి రూపంలో ఉన్న ఏ కాపరినైనా పరీక్షించడానికి నాకు తెలిసినంతలో ఇంతకంటే సూటి కొలత లేదు. ఎంత గట్టిగా ప్రవచించాడన్నది ఈ కొలతలో లేనే లేదు. గాయపడినవాని దగ్గరకు వచ్చాడా అన్నది ఉంది.

అదే అధ్యాయంలో సాధారణంగా ఎవరూ బోధించని భాగం ఒకటి ఉంది. కాపరుల తరువాత దేవుడు గొర్రెల వైపు కూడా తిరుగుతాడు. బలిసిన గొర్రెలు మంచి మేత మేసి మిగిలినదానిని కాళ్లతో తొక్కాయి, నీళ్లు తాగి మిగిలినవాటిని బురద చేశాయి, బలహీనమైనవాటిని ప్రక్కతో, భుజంతో, కొమ్ములతో నెట్టివేశాయి. సంఘంలో మీ నష్టం గురించి గుసగుసలాడి, మీరు ఆరాధనకు రావడమే మానుకొనేలా చేసినవారి పని కూడా ఆ దేవుని కళ్లకు కనిపించిందని తెలుసుకోండి. దీనిని వాళ్ల మీద ప్రయోగించే ఆయుధంగా వాడుకోమని చెప్పడం లేదు. మీరు నెట్టివేయబడడం దేవుడు మిమ్మల్ని తోసివేయడం కాదని చెబుతున్నాను. ఈ రెంటి మధ్యలో పదకొండవ వచనం ఉంది: ‘నేను నేనే నా గొర్రెలను వెదకి వాటిని కనుగొందును.’ మంచి కాపరిని నేనే అని యేసు చెప్పినప్పుడు, ఈ అధ్యాయం తెలిసినవారికి అది ఓదార్పు మాటగా మాత్రమే వినిపించి ఉండదు. దేవుడు స్వయంగా చేస్తానన్న పనిని ఈయన తనదని చెప్పుకొంటున్నాడని వినిపించి ఉంటుంది.

ఇక మీరు నిజంగానే దారి తప్పారనుకొందాం. మీ ఇష్టాన్నే స్వరం అనుకొని వెళ్లిపోయారనుకొందాం. అప్పుడైనా ఏమి మారుతుంది? లూకా 15వ అధ్యాయంలో నూరు గొర్రెలలో ఒకటి తప్పిపోయింది. ఎందుకు తప్పిపోయిందో, తప్పు ఎవరిదో ఆ ఉపమానం అడగదు. కాపరి అది దొరికేవరకు వెదకుతాడు. దొరికాక సంతోషంతో భుజాల మీద వేసుకొంటాడు. దారి తప్పే గొర్రె కాలు కాపరి విరగగొట్టి, అది నయమయ్యేదాకా మోసి తనకు అలవాటు చేసుకొంటాడని ఒక కథ ప్రసంగాల్లో తరచుగా వినిపిస్తుంది. మీరు కూడా ఆ కథను తలచుకొని, ఈ నష్టం దేవుడు నా కాలు విరగగొట్టడమేమో అని రాశారు. ఆ కథ బైబిల్లో ఎక్కడా లేదు. దేవుడు తన పిల్లలను శిక్షించి సరిదిద్దుతాడని హెబ్రీ పత్రిక చెబుతుంది, దానిని నేను తగ్గించను. కాని తప్పిపోయిన గొర్రె ఉపమానంలో కాపరి చేతిలో విరిగిన ఎముక లేదు, ఆయన భుజాల మీద బరువు ఉంది. ఆదిమ క్రైస్తవులకు ఈ చిత్రం ఎంత ప్రియమైనదో చెప్పడానికి ఒక్క ఉదాహరణ ఇస్తాను. సిరియాలోని దూరా యూరోపస్ అనే పట్టణంలో తవ్వకాల్లో బయటపడిన ఒక గృహసంఘంలో, బాప్తిస్మపు తొట్టికి పైన గోడ మీద, గొర్రెను భుజాల మీద మోస్తున్న కాపరి బొమ్మ గీసి ఉంది. ఆ పట్టణం క్రీ.శ. 256 ప్రాంతంలో పర్షియన్ల చేతిలో నాశనమైంది గనుక ఆ బొమ్మ అంతకు ముందుదే. విశ్వాస జీవితంలో అడుగుపెట్టే మొదటి క్షణంలోనే, నీవు మోయబడేవాడివి అని ఆ గోడ చెప్పిందన్నమాట.

నూట పంతొమ్మిదవ కీర్తన బైబిల్లో అన్నిటికంటే పొడవైనది, నూట డెబ్బై ఆరు వచనాలు. దేవుని ధర్మశాస్త్రాన్ని ప్రేమించినవాని కీర్తన అది. దాదాపు ప్రతి వచనంలోనూ ఆయన ఆజ్ఞలు, శాసనాలు, వాక్యం. అంత ప్రేమ చెప్పుకొన్న తరువాత చిట్టచివరి వచనం ఇలా ఉంది: ‘తప్పిపోయిన గొర్రెవలె నేను త్రోవవిడిచి తిరిగితిని, నీ సేవకుని వెదకి పట్టుకొనుము.’ దేవుని మాటను ఇంతగా ధ్యానించినవాడు కూడా, నేను తిరిగి వస్తాను అని ముగించలేదు. నన్ను వెదకు అని అడిగాడు. మీరు ఇప్పుడు ప్రార్థించలేకపోతున్నానని అన్నారు గనుక, ఈ ఒక్క వాక్యాన్ని ప్రార్థనగా పెట్టుకోండి.

శిష్యుల సంగతి కూడా చూడండి. ‘గొర్రెల కాపరిని కొట్టుదును, గొర్రెలు చెదరిపోవును’ అన్న జెకర్యా ప్రవచనాన్ని, పట్టబడబోయే రాత్రి యేసు వాళ్లకు గుర్తుచేశాడు (మార్కు 14:27). వాళ్లు విఫలమవుతారని ఆయనకు ముందే తెలుసు. ఆ వెంటనే వచ్చే మాట: ‘నేను లేచిన తరువాత మీకంటె ముందుగా గలిలయలోనికి వెళ్లెదను.’ వాళ్లు ఇంకా పారిపోకముందే, పారిపోయినవాళ్లను ఎక్కడ కలుస్తాడో చెప్పాడు. మూడుసార్లు ఎరుగనన్న పేతురుకు తరువాత అప్పగించిన పని ‘నా గొర్రెలను మేపుము’ అన్నది. ఆ పని పొందాక కూడా గొర్రెలు పేతురువి కాలేదు, ‘నా’ గొర్రెలే.

ఇప్పుడు మీ ముందున్న నిర్ణయం. ఇరవై మూడవ కీర్తన మూడవ వచనాన్ని కొలతగా తీసుకొంటే, మొదట అడగవలసింది, ఈ దారి నాకు కలిసివస్తుందా అన్నది కాదు, ఇది నీతిమార్గమా అన్నది. అబద్ధం ఆడవలసి వస్తుందా, ఎవరికో చెందవలసినది తొక్కిపెట్టవలసి వస్తుందా, నాకంటే బలహీనమైనవారి నీళ్లు బురద అవుతాయా అని చూడండి. అవుతాయంటే, దానికోసం వేరే సూచన అడగనక్కరలేదు. మీరు చూస్తున్న దారులు రెండూ నీతిగలవే అయితే, అందులో ఒకటి మాత్రమే దేవుని చిత్తమని, రెండవదానిలో అడుగుపెడితే ఆయన చేయి విడిచిపోతుందని భయపడకండి. యోహాను 10:28లో ఎవడూ వాటిని నా చేతిలో నుంచి అపహరింపడని ఆయన చెప్పింది గొర్రెల ఎంపికలను బట్టి కాదు.

సలహా అడగండి, కాని మీ నిర్ణయం వల్ల ఏ లాభమూ పొందనివారిని అడగండి. మీరు చెప్పేది పూర్తిగా వినకముందే దేవుడు చెప్పాడని అనేవారిని పక్కన పెట్టండి. పేతురు తన మొదటి పత్రికలో పెద్దలకు రాసినట్టు, అప్పగింపబడినవారి మీద ప్రభువులైనట్టు ఉండకుండా మాదిరిగా జీవిస్తున్న ఇద్దరు ముగ్గురు మీకు తెలిసే ఉంటారు. వాళ్లకు మొదటి నిర్ణయం సంగతి కూడా దాచకుండా చెప్పండి.

చివరిగా, తొందర గురించి. మూడు రోజుల్లో జవాబు చెప్పకపోతే అవకాశం పోతుందని అవతలివారు ఒత్తిడి చేస్తున్నారని రాశారు. ఇందులో నాకు అనుమానం ఉంది. యాకోబు తిరిగి వస్తున్నప్పుడు, కలిసి ప్రయాణం చేద్దామన్న తన సోదరుడు ఏశావుతో, పిల్లలు లేతవారని, పాలిచ్చే గొర్రెలు తన దగ్గర ఉన్నాయని, ఒక్క రోజు వాటిని వడిగా తోలితే మందంతా చచ్చిపోతుందని, వాటి నడకకు తగినట్టు మెల్లగా వస్తానని చెప్పాడు (ఆదికాండం 33). యెషయా 40:11 దేవుని గురించి అదే చెబుతుంది: ‘పాలిచ్చువాటిని ఆయన మెల్లగా నడిపించును.’ మీరు ఇంకా గాయంతో ఉన్నారు. గడువు పొడిగించమని అడగండి. వీలుకాదంటే, ఈ అవకాశాన్ని వదులుకోవడం అవిశ్వాసమేమో అన్న భయం పెట్టుకోకుండా వద్దని చెప్పవచ్చు. నిజంగా మంచి దారే అయితే, నెమ్మదిగా ఆలోచించడానికి పట్టే కాలం దానిని చెడగొట్టదు. ఆ సమయంలో డెబ్బై ఏడవ కీర్తనను రోజూ చదవండి, మీరు చెప్పుకోదగిన ఆ ఇద్దరు ముగ్గురిలో ఒకరినైనా ఈ వారమే కలవండి.